పరదేశంలో కాపురం – ఒకరికొకరు అమానత్



కడప, రాయచోటి, రాజంపేట వైపు ఏ వీధిలోకి వెళ్లినా గల్ఫ్‌కు వెళ్లినవారి ఇళ్లు కనబడతాయి. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లోనూ అంతే. భర్త ఒక్కడే వెళ్లి, భార్య ఇక్కడ ఎదురుచూసే ఇళ్లే వాటిలో ఎక్కువ. భార్యను వెంట తీసుకువెళ్లగలిగినవారు కొందరే. అలా వెళ్లిన అమ్మాయిని చూసి బంధువులంతా ‘అదృష్టవంతురాలు, మొగుడితో విమానమెక్కింది’ అంటారు. ఆ మాట నిజమే. భార్యాభర్తలు ఒకే కప్పు క్రింద ఉండడం అల్లాహ్ చేసిన గొప్ప మేలు. అయితే ఆ కప్పు క్రింద ఏం జరుగుతోందో ఎవరూ అడగరు. ఈ నెల ఆ విషయమే మాట్లాడుకుందాం. మేమిద్దరం జిద్దాలో పదేళ్లు కాపురం చేశాం. కనుక ఇందులో మా తప్పులే మొదట చెబుతాం.

తొలి ప్రవాస దంపతులు

ఇల్లు వదలి పరాయి దేశంలో కాపురం చేయడం మన తరంతో మొదలు కాలేదు. దైవప్రవక్త (స) దౌత్యం లభించిన ఐదో సంవత్సరంలో, అంటే క్రీ.శ. 615 ప్రాంతంలో, మక్కా ముష్రిక్కుల హింస భరించలేక కొందరు విశ్వాసులు సముద్రం దాటి హబషా దేశానికి వెళ్లారు. వారిలో దంపతులున్నారు. హజ్రత్ ఉస్మాన్ (రజి), ఆయన సతీమణి, దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) ఉన్నారు. హజ్రత్ అబూ సలమా, ఉమ్మె సలమా (రజి) దంపతులున్నారు. ఆ తరువాత హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి), ఆయన భార్య హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) వెళ్లారు.

జాఫర్, అస్మా దంపతులు అక్కడ ఎన్నేళ్లున్నారో తెలుసా? హిజ్రీ 7వ సంవత్సరంలో, ఖైబర్ విజయం నాటికి గాని వారు మదీనా చేరలేదు. పదేళ్లకు పైగా భాష తెలియని దేశం, అయినవారు లేని ఊరు. వారి పిల్లలు అక్కడే పుట్టారు. ‘తిరిగి వెళ్లాక బ్రతుకుదాం’ అని వారు జీవితాన్ని వాయిదా వేయలేదు. ఆ గడ్డమీదే నమాజు చేశారు, పిల్లల్ని పెంచారు, ఒకరికొకరు తోడుగా నిలిచారు.

మనం చేసే మొదటి పొరపాటు ఇక్కడే ఉంది. గల్ఫ్‌లో ఉన్నన్నాళ్లూ ‘ఇది మన ఇల్లు కాదు కదా’ అనుకుంటాం. మంచి పరుపు కొనం, నలుగురితో పరిచయం పెంచుకోం, భార్యతో తీరికగా నాలుగు మాటలు మాట్లాడం. అన్నీ ఊరికి వెళ్లాకే! కాని మలకుల్ మౌత్ (అలై) మన తిరుగు టికెట్టు తేదీ చూసి రాడు. అల్లాహ్ లెక్క అడిగేటప్పుడు జిద్దాలో గడిచిన రోజులనూ ఆయుష్షులోనే కలుపుతాడు.

తలుపు దగ్గరి సలాము

మేము కాపురం పెట్టింది 2011లో. ఒక గది, చిన్న వంటిల్లు, కిటికీ తెరిస్తే ఎదురు మేడ గోడ. ఉదయం ఏడింటికి డ్యూటీకి వెళితే ఓవర్‌టైము ముగించుకొని ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదయ్యేది. శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ రోజు సగం నిద్రలో, సగం ఊరికి ఫోన్లలో పోయేది. సౌదీలో స్త్రీలు కారు నడిపేందుకు 2018 జూన్ వరకు అనుమతి లేదు. భాష రాని క్రొత్త కోడలు ఒంటరిగా టాక్సీ ఎక్కలేదు. కూరగాయలు కావాలన్నా భర్త రావలసిందే.

ఒక రాత్రి ఎప్పటిలాగే చెవి దగ్గర ఫోను పెట్టుకొనే ఇంట్లో అడుగు పెట్టడం జరిగింది. ఊళ్లో కడుతున్న ఇంటి పునాది గురించి మాటలు. తలుపు తీసి ఆమె సలాము చెప్పింది. జవాబు లేదు. భోజనం అయింది, ఫోను అయింది. అప్పుడు ఆమె నెమ్మదిగా అన్నది:

“ఈ రోజు ప్రొద్దుటి నుండి నా నోట వచ్చిన మొదటి మాట మీకు చెప్పిన సలామే. దానికి కూడా జవాబు రాలేదు.”

ఆమె ఏడవలేదు, కోపగించుకోలేదు. అందుకే ఆ మాట మరింత లోతుగా దిగింది. సలాముకు జవాబివ్వడం వాజిబ్ అని మసీదులో ప్రక్కవాడికి చెప్పే నోరు, ఇంట్లో పధ్నాలుగు గంటలు మౌనంగా గడిపిన మనిషికి జవాబివ్వలేదు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

కొద్ది రోజుల తరువాత ఇషా నమాజు ముగిశాక, మసీదులో ఒక పెద్దాయన దగ్గర ఈ బాధ చెప్పుకోవడం జరిగింది. ఆయన ముప్పై ఏళ్లుగా ఆ దేశంలో ఉన్న మనిషి. వెంటనే ఉపదేశం మొదలుపెట్టలేదు. హజ్రత్ సల్మాన్ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి)ల వృత్తాంతం చెప్పారు.

ఇంటి హక్కు

బుఖారీలో ఉన్న ఈ వృత్తాంతం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దైవప్రవక్త (స) వారిద్దరినీ సోదరులుగా చేశారు. ఒకరోజు సల్మాన్ (రజి) తన సోదరుని ఇంటికి వెళ్లి, ఆయన భార్య అలంకరణేదీ లేక మాసిన దుస్తుల్లో ఉండడం చూసి కారణమడిగారు. మీ సోదరునికి ఈ లోకం అక్కరలేదని ఆమె చెప్పారు. అబూ దర్దా (రజి) పగలు ఉపవాసాలు, రాత్రి నమాజుల్లో మునిగి ఉండేవారు. ఆ రోజు సల్మాన్ (రజి) ఆయనచేత భోజనం చేయించారు, రాత్రి తొలి జాముల్లో పడుకోబెట్టారు, చివరి జాములో లేపి కలసి నమాజు చేశారు. ఆపై నీ ప్రభువుకు, నీ శరీరానికి, నీ ఆలుబిడ్డలకు నీపై హక్కులున్నాయని, ఎవరి హక్కు వారికివ్వాలని బోధించారు. దైవప్రవక్త (స) ఈ సంగతి విని, సల్మాన్ చెప్పింది నిజమన్నారు.

ఆలోచించండి! ఆరాధనలో మునిగి భార్యను మరచినా ఇల్లాలి హక్కు మాఫీ కాలేదు. మరి ఓవర్‌టైము, ఫోను, ఊళ్లో ఇటుకల లెక్కల్లో మునిగిన మనకు మాఫీ ఎలా అవుతుంది?

దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని, నమాజు వేళకు వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఒక ప్రయాణంలో ఆమెతో పరుగు పందెం కూడా వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు. చాలాకాలం తరువాత మళ్లీ పరుగెత్తినప్పుడు ఆయన గెలిచి, అప్పటిదానికి ఇది బదులని నవ్వులాట ఆడారు. ఉమ్మత్ భారమంతా మోస్తున్న మహనీయునికి ఆ తీరిక ఉన్నది!

ఆ రాత్రి నుండి మేము మూడు నియమాలు పెట్టుకున్నాం. గడప దాటకముందే ఫోను ముగించాలి. ఇంట్లో ఒక్క పూటైనా ఇద్దరం కలసి నమాజు చేయాలి. శుక్రవారం అస్ర్ తరువాత ఎంత అలసట ఉన్నా ఇంటి బయటికి వెళ్లాలి. కార్నిష్‌లో సముద్రపు ఒడ్డున చాప పరచుకొని, ఫ్లాస్కులో టీ తాగిన సాయంత్రాలకు మాకు అయిన ఖర్చు చాలా తక్కువ. వాటివల్ల నిలిచిన కాపురం విలువ మాత్రం లెక్కకట్టలేం.

ఒంటరితనానికి మరో మందు పొరుగువారు. కూర వండేటప్పుడు నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ర్ (రజి)కు ఉపదేశించారు. మా ఇంటి నుండి బగారా అన్నం, దాల్చా ఎదురింటి మలయాళీ సోదరికి వెళ్లింది. ఆమె ఇంటి నుండి పత్తిరి వచ్చింది. భాషలు కలవకపోయినా గిన్నెలు కలిశాయి. కాన్పు వేళ మా ఇంట్లో నిలబడింది ఆమే.

డబ్బు లెక్క, మనసు లెక్క

2017 జూలైలో సౌదీ ప్రభుత్వం విదేశీయుల కుటుంబ సభ్యులపై రుసుము విధించింది. తలకు నెలకు 100 రియాళ్లతో మొదలై, ఏడాదికి వంద చొప్పున పెరిగి 2020 నాటికి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న మాలాంటివారికి మొదటి ఏడాది 3,600 రియాళ్లు, నాలుగో మెట్టు చేరేసరికి 14,400 రియాళ్లు. ఎన్నో కుటుంబాలు సామాన్లు అమ్ముకొని స్వదేశానికి వెళ్లిపోయాయి.

మా ఇంట్లో కూడా ‘పిల్లలతో నువ్వు ఊరికి వెళ్లు’ అన్న మాట నోటి చివరిదాకా వచ్చింది. కాని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 233వ ఆయతులో బిడ్డకు పాలు మాన్పించే విషయాన్ని కూడా తల్లిదండ్రుల పరస్పర అంగీకారానికి, సంప్రదింపుకు ముడిపెట్టింది. పాలు మాన్పించడానికే మష్వరా కావాలంటే, కాపురాన్ని రెండు దేశాలుగా విడదీయడానికి ఒక్కరి నిర్ణయం చాలుతుందా? కాగితం ముందు పెట్టుకొని ఇద్దరం కూర్చున్నాం. ఒకవైపు ఊళ్లో ఇంటి పైఅంతస్తు, మరోవైపు ఆ రుసుము. ఆమె అడిగింది ఒక్కటే: “పై అంతస్తులో ఎవరు ఉంటారు?” నిజమే, ఉండవలసినవాళ్లం విడివిడిగా ఉంటే ఆ గదులెందుకు? పైఅంతస్తు ఆగింది, కాపురం ఆగలేదు. బంధువులు కొందరు చిన్నబుచ్చుకున్నారు. అమ్మానాన్నల మందుల ఖర్చు మాత్రం ఒక్క నెలా తప్పనివ్వలేదు.

అందరికీ ఇది సాధ్యం కాదని మాకు తెలుసు. జీతం చాలక, వీసా రాక విడిగా ఉండేవారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అయితే హజ్రత్ ఉమర్ (రజి) భర్త దూరమైన ఒక స్త్రీ ఆవేదన విని, తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను సంప్రదించి, సైనికులను ఇంటికి దూరంగా ఉంచడానికి గడువు నిర్ణయించారన్న సంగతి గుర్తుంచుకోవాలి. అది నాలుగు నెలలని కొన్ని ఉల్లేఖనాలు, ఆరు నెలలని మరికొన్ని చెబుతున్నాయి. యుద్ధ సమయంలోనే ఇల్లాలి మనసు లెక్కలోకి వచ్చింది. మన సంపాదనలో అది లెక్కలోకి రావద్దా?

వస్త్రంలా కప్పుకోవడం

భార్యాభర్తలు ఒకరికొకరు వస్త్రం లాంటివారని దివ్య ఖుర్ఆన్ పోల్చింది. ఒంటిని కప్పేది, చలి నుండి కాపాడేది, అందమిచ్చేది వస్త్రమే. పరదేశంలో కలహం వస్తే పుట్టింటికి వెళ్లే దారి లేదు, పెద్దలు వచ్చి కూర్చునే వీలు లేదు. చేతిలో ఫోను ఒక్కటే ఉంది. జిద్దాలో రాత్రి పదింటికి కోపంలో ఫోను చేస్తే, ఇక్కడ పన్నెండున్నర. అర్ధరాత్రి లేచిన తల్లికి తెల్లవార్లూ నిద్ర ఉండదు. వీరిద్దరూ మరునాడు నవ్వుకుంటూ నాష్తా చేస్తారు, అక్కడ రెండు కుటుంబాల మధ్య పగ మిగులుతుంది. కోపం వచ్చిన రాత్రి వుజూ చేసుకొని, ఫోను ప్రక్కన పెట్టడం మంచిది.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కొట్టడాన్ని, పాస్‌పోర్టు దాచిపెట్టడాన్ని, తిండికి డబ్బివ్వకపోవడాన్ని కప్పిపుచ్చడం వస్త్ర ధర్మం కాదు. అది జుల్మ్. అటువంటప్పుడు పెద్దలకు చెప్పాలి, మసీదులో తెలిసినవారికి చెప్పాలి, అవసరమైతే భారత రాయబార కార్యాలయం సహాయం కోరాలి. అందుకే ఆ ఫోను నంబర్లు, తన పాస్‌పోర్టు, ఇఖామా ఎక్కడున్నాయో భార్యకు తెలిసి ఉండాలి. భర్తే ఈ ఏర్పాటు చేయడం అమానత్‌ను నెరవేర్చడమే.

ఇక్కడున్న అత్తమామలకు, తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. ఫోను చేసినప్పుడు ‘ఎంత పంపుతున్నావు’ అని అడిగే ముందు ‘ఇద్దరూ బాగున్నారా, కోడలు ఎవరితోనైనా మాట్లాడుతోందా’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న వేల మైళ్ల దూరాన ఒక ఇంట్లో దీపం పెడుతుంది.

రెండు హిజ్రత్‌ల గౌరవం

హజ్రత్ అస్మా (రజి) మదీనా చేరాక జరిగిన సంగతి చెప్పి ముగిస్తాం. హిజ్రత్‌లో మేమే మీకంటే ముందున్నామని, దైవప్రవక్త (స)పై మాకే ఎక్కువ హక్కుందని హజ్రత్ ఉమర్ (రజి) ఆమెతో అన్నారు. ఆమెకు బాధ కలిగింది. మీరు ఆయన సన్నిధిలో ఉన్నారు, మీ ఆకలిగొన్నవారికి ఆయన అన్నం పెట్టారు, మేము మాత్రం దూరపు పరాయి నేలపై ఉన్నామని జవాబిచ్చి, నేరుగా దైవప్రవక్త (స) వద్దకు వెళ్లి చెప్పుకున్నారు. వారికి ఒక్క హిజ్రత్ ఉంటే, ఓడలో వచ్చిన మీకు రెండు హిజ్రత్‌లు ఉన్నాయని ఆయన ఓదార్చారు. ఆ మాట వినడానికి హబషా నుండి వచ్చినవారు గుంపులు గుంపులుగా ఆమె వద్దకు వచ్చేవారు.

వారి వలస ధర్మం కోసం, మన వలస జీతం కోసం. రెండూ ఒకటి కావు. కాని కర్మలు సంకల్పాలను బట్టే. ధర్మసమ్మతమైన సంపాదనతో ఆలుబిడ్డలను పోషించాలని, వారి దీన్‌ను కాపాడాలని వెళ్లినవారి శ్రమ వృథా పోదు. పరాయి దేశంలో నాలుగు గోడల మధ్య ఓర్పుతో ఇల్లు నిలిపిన ఇల్లాలి శ్రమ అల్లాహ్ దృష్టి నుండి తప్పిపోదు. ఆ శ్రమను మొదట గుర్తించవలసిన మనిషి ఆమె భర్త.

ఈ రోజు ఇంటికి వెళ్లగానే తలుపు దగ్గర వినిపించే సలాముకు ముఖం చూసి జవాబివ్వండి. అక్కడి నుండే మొదలుపెడదాం.

ఓ అల్లాహ్! పరదేశాల్లో ఉన్న మా బిడ్డల ఇళ్లలో ప్రశాంతతను, ప్రేమను, కారుణ్యాన్ని నింపు. దూరమై ఉన్న జంటలను మేలుతో కలుపు. మా సంపాదనలో బరకత్‌ను, మా ఇళ్లలో నీ స్మరణను ప్రసాదించు. ఆమీన్.