నిద్రకు ముందు నిప్పు ఆర్పండి



నిప్పు అల్లాహ్ ప్రసాదించిన గొప్ప అనుగ్రహాల్లో ఒకటి. దివ్య ఖుర్ఆన్‌లోని వాఖిఆ సూరాలో అల్లాహ్ మనం రాజేసే నిప్పును గుర్తుచేసి, దానికి మూలమైన చెట్టును సృష్టించింది ఎవరని ప్రశ్నించాడు. నిప్పును ఒక జ్ఞాపికగానూ, అవసరమైనవారికి ఉపయోగపడే వస్తువుగానూ చేశానని తెలియజేశాడు. అంటే పొయ్యి వెలిగించిన ప్రతిసారీ మనకు రెండు విషయాలు గుర్తుకు రావాలి. ఒకటి అల్లాహ్ మేలు, రెండవది నరకాగ్ని.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక తరం క్రితం వరకూ తల్లులు సరుగుడు పుల్లలు, జీడిమామిడి కంపలు ఏరుకొచ్చి, ఊదుగొట్టంతో ఊది, కళ్లు మండుతుండగా వంట చేసేవారు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చి పేదల ఇళ్లకూ గ్యాస్ పొయ్యి చేరింది. ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం-2 పథకం 2024 నవంబరు 1న మన ఇచ్ఛాపురం ప్రాంతంలోని ఈదుపురంలోనే మొదలైంది. పొగ బాధ తీరినందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు. అయితే అనుగ్రహాన్ని జాగ్రత్తగా వాడుకోవడం కూడా కృతజ్ఞతలో భాగమే.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు, అందులోని మనుషులతో సహా కాలిపోయింది. ఆ వార్త విన్న దైవప్రవక్త (సఅసం) నిప్పు మనకు శత్రువని హెచ్చరించి, పడుకునే ముందు దాన్ని ఆర్పివేయమని ఆదేశించారు. హజ్రత్ అబూ మూసా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనంలో దీపాలు ఆర్పమన్న ఆజ్ఞతో పాటు దాని కారణం కూడా ఉంది. ఎలుక వత్తిని లాక్కుపోయి ఇంటిల్లిపాదినీ కాల్చివేయవచ్చట! ఈనాడు మన ఇళ్లలో వత్తి లేదు గాని ఎలుక ఉంది. అది గ్యాస్ రబ్బరు గొట్టాన్ని కొరుకుతుంది. కాబట్టి ఆ ఆజ్ఞ ఈ రోజు మన వంటగదిలో ఎలా అమలవుతుంది? పొయ్యి నాబ్ తిప్పినంత మాత్రాన సరిపోదు, సిలిండర్ మీది రెగ్యులేటర్‌ను కూడా కట్టివేయాలి.

ఇలా ఎందుకో అర్థం చేసుకుందాం. వంటగ్యాస్ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. కారితే పైకి పోదు, నేలను పట్టుకుని పాకుతుంది, గది మూలల్లో నిలుస్తుంది. దానికి సొంతంగా వాసన దాదాపు ఉండదు. మనం గుర్తుపట్టాలనే మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. ఆ వాసన ఒక హెచ్చరిక. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నంలోని హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో కారిన వంటగ్యాస్‌కు నిప్పు అంటుకుని 60 మంది దాకా మరణించారు. అక్కడ నిల్వలు పెద్దవి, మన ఇంట్లో ఉన్నది 14.2 కిలోలే. కానీ స్వభావం ఒకటే. తలుపులు బిగించిన చిన్న గదిని పేల్చడానికి ఆ కొంచెమే ఎక్కువ.

రమజాన్‌లో మన ఇళ్లకు ఈ ప్రమాదం మరింత దగ్గరవుతుంది. తరావీహ్ నుంచి వచ్చి, అలసటతో తలుపులన్నీ వేసి పడుకుంటాం. సహ్రీకి చీకట్లోనే లేచి, నిద్రమత్తులో మొదట చేసే పని లైటు స్విచ్ నొక్కడం. రాత్రంతా గ్యాస్ కారి ఉంటే ఆ స్విచ్‌లోని చిన్న మెరుపు చాలు. అందుకే వంటగది గడప దగ్గర ఒక్క క్షణం ఆగండి. వాసన చూడండి. వాసన తగిలితే స్విచ్ వేయవద్దు, వెలుగుతున్నది ఆర్పవద్దు, అగ్గిపుల్ల గీయవద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి, పిల్లలను బయటికి పంపండి. బయటికి వెళ్లాకే 1906కు ఫోన్ చేయండి. రోజాలో ఉన్నప్పుడు వాసన ముక్కుకు తగిలినంత మాత్రాన ఉపవాసం భంగం కాదు.

మరొక సందేహం. నమాజ్‌లో ఉండగా గ్యాస్ వాసన వస్తే ఏం చేయాలి? ప్రాణాపాయం ఉన్నప్పుడు నమాజ్ ఆపి ప్రాణాలు కాపాడటం తప్పనిసరి అని మన హనఫీ ఫుఖహా స్పష్టంగా చెప్పారు. అమ్మలారా, సలాం తిప్పేదాకా ఆగకండి. ప్రమాదం తొలగించి, నమాజ్‌ను మళ్లీ మొదటి నుంచి చేసుకోండి.

కొందరు "రాసిపెట్టింది జరగక మానదు కదా, ఈ జాగ్రత్తలెందుకు?" అంటారు. ఒంటెను కట్టి అల్లాహ్‌ను నమ్మాలా, వదిలేసి నమ్మాలా అని అడిగిన వ్యక్తికి, కట్టి నమ్మమని ప్రవక్త (సఅసం) బోధించారు. రెగ్యులేటర్ కట్టడమే మన ఒంటెను కట్టడం. అగ్నిప్రమాదంలో మరణించిన విశ్వాసికి షహీద్ దర్జా ఉందని అబూ దావూద్‌లోని హదీసు తెలుపుతోంది. అది ఆప్తులను పోగొట్టుకున్నవారికి ఊరట. నిర్లక్ష్యానికి అనుమతి కాదు. మన చేతులతో మనల్ని మనం వినాశనంలో పడవేసుకోవద్దని బఖరా సూరా వారిస్తోంది.

ఇదంతా ఆడవారి పని అనుకునే సోదరులతో ఒక మాట. ఇంటి పోషణ, రక్షణ మగవాడి బాధ్యత. ప్రతి కాపరినీ తన మంద గురించి అడగడం జరుగుతుంది. రెండేళ్లకోసారి కొత్త ఫోన్ కొనేవారు, అయిదేళ్లకోసారి మార్చాల్సిన సురక్షా గొట్టానికి డబ్బులు లేవంటే అల్లాహ్ ముందు ఏం జవాబు చెబుతారు? లోపల ఉక్కు తీగ అల్లిన ఆ గొట్టాన్ని ఎలుక సులువుగా కొరకలేదు. సిలిండర్ తెచ్చినప్పుడు పై పట్టీ మీది అక్షరం, సంవత్సరం చూడండి. ‘ఎ’ అంటే మార్చి, ‘బి’ జూన్, ‘సి’ సెప్టెంబరు, ‘డి’ డిసెంబరు వరకు గడువు. దాటి ఉంటే తీసుకోకండి. సిలిండర్‌ను నిలువుగా నేల మీద, పొయ్యిని దానికన్నా ఎత్తులో ఉంచండి. కారుతోందేమోనన్న అనుమానం వస్తే సబ్బునీళ్లు రాసి బుడగలు చూడండి, అగ్గిపుల్లతో ఎన్నడూ చూడవద్దు. ఇంట్లో గ్యాస్ ఓవెన్ ఉంటే తలుపు తెరిచాకే వెలిగించండి. అంటుకోకపోతే నాబ్ కట్టి, తలుపు తెరిచే ఉంచి, గ్యాస్ పూర్తిగా పోయాక మళ్లీ ప్రయత్నించండి. పొయ్యి దగ్గర దుపట్టా కొంగును బిగించి కట్టుకోండి. కాలితే పేస్టు, పసుపు పూయకుండా 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇరుగుపొరుగు హక్కును కూడా మరవకండి. గోడకు గోడ ఆనుకున్న వీధిలో, పక్కన తాటాకు ఇల్లున్న పల్లెలో మన నిర్లక్ష్యం మన గడప దగ్గర ఆగదు. పెద్ద సిలిండర్ నుంచి చిన్నదానిలోకి ఇంట్లోనే గ్యాస్ నింపడం చట్టవిరుద్ధం. ఇతరులకు హాని తలపెట్టరాదన్న ప్రవక్త బోధ దృష్ట్యా షరీఅత్‌లో కూడా అది తప్పే. పొరుగువారు ముస్లింలైనా కాకపోయినా వారి ప్రాణం మన చేతిలోని అమానతే.

ఈ రాత్రి నుంచే మొదలుపెడదాం. ఇషా నమాజ్ తర్వాత, పడుకునే దుఆలకు ముందు, ఇంట్లో ఒకరు వెళ్లి రెగ్యులేటర్ కట్టి రావాలి. ప్రవక్త ఆజ్ఞ అన్న సంకల్పంతో చేస్తే, ఆ చిన్న పనికీ ఇన్షా అల్లాహ్ పుణ్యం లభిస్తుంది.

అల్లాహ్ మన ఇళ్లను ఇహలోక అగ్ని నుంచి, మనల్నీ మన కుటుంబాలనూ పరలోక అగ్ని నుంచి కాపాడుగాక! ఆమీన్.