నలుపులో ఎంత వెలుతురు?

కంప్యూటర్ తెర మీది బొమ్మకు సొంత వెలుగు ఉంటుంది. కాగితం మీది బొమ్మకు అది లేదు, గదిలోని వెలుతురునే మనకు తిప్పి ఇస్తుంది. తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను సయాన్, మజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాల్లోకి మార్చినప్పుడే కొంత రంగు పోతుంది. గుస్సాడీ తలపాగాలోని నెమలి ఈకల మెరుపు ఈ నాలుగు సిరాలతో ఉన్నదున్నట్టు రాదు. దానికోసం బొమ్మ మొత్తానికి నీలం పెంచితే ఒంటికి పూసుకున్న బూడిద కూడా నీలంగా మారుతుంది. ఇక్కడి వరకు ఇది పనితనానికి సంబంధించిన విషయం. ముఖం దగ్గరికి వచ్చేసరికి న్యాయం విషయం అవుతుంది.

మన ఊళ్ల ఫోటోలతో పుస్తకం వేయాలంటే చాలామందిమి హైదరాబాదుకే వస్తాం. బల్కంపేట ఎల్లమ్మ గుడి దాటి అమీర్‌పేట వైపు నడిస్తే కోచింగ్ సెంటర్ల మధ్య డీటీపీ షాపులుంటాయి. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్న తమ్ముడు ముందుగా అనే మాట: "అన్నా, ఫేసులు జర బ్రైట్ చేద్దామా? ప్రింటుల నల్లగ వస్తయ్."

అందులో సగం నిజం ఉంది. ఆఫ్‌సెట్ అచ్చులో బొమ్మ అంటే చిన్న చిన్న చుక్కలు. కాగితం సిరా పీల్చగానే ప్రతి చుక్కా కొంచెం విస్తరిస్తుంది. ఆర్ట్ పేపరు మీద తక్కువ, మ్యాప్‌లిథో మీద ఎక్కువ. నీడ ఉన్నచోట చుక్కలు అసలే దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు కోయ అవ్వ కళ్లు, ముడతలు, నుదుటి పచ్చబొట్టు అన్నీ ఒకే నల్ల మరక. అందుకే ముందే నీడలను కొంత తెరవాలి. తెరవకుండా అచ్చువేయడం ఆమెకు అన్యాయం చేయడమే.

మిగతా సగం దగ్గరే పేచీ. నీడను తెరవడమంటే నలుపుకీ మరింత నలుపుకీ మధ్య తేడా కనిపించేలా చేయడం. చర్మం రంగులోంచి సయాన్, నలుపు సిరాలు తీసేసి ముఖాన్ని గోధుమరంగుకు తేవడం వేరే పని. రెండింటినీ షాపులో 'కరెక్షన్' అనే అంటారు. ఏది కరెక్ట్ అనేదానికి ఒక చరిత్ర ఉంది. కొడాక్ కంపెనీ ఫోటో ల్యాబులకు ఒక తెల్లజాతి మహిళ బొమ్మ ఉన్న కార్డు పంపేది. షర్లీ కార్డు అనేవారు. ఆమె చర్మం సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు. రకరకాల చర్మపు రంగులతో కార్డు రావడానికి 1990లు రావాల్సి వచ్చింది.

హైమండార్ఫ్ 1940లలో చెంచులను, కొండరెడ్లను, గోండులను తీసిన ఫోటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. మనకవి తాతల ముఖాలు. పాత నలుపు తెలుపు బొమ్మలకు రంగులద్దే యాప్‌లు ఇప్పుడు ఫోన్లలోనే ఉన్నాయి. ఆ తాత ఒంటి రంగు యాప్‌కు ఎలా తెలుసు? ఊహిస్తుంది, అంతే. ఆ ఊహను పుస్తకంలో వేస్తే రేపు మన పిల్లలు దాన్నే సాక్ష్యం అనుకుంటారు.

చిక్కు ప్రశ్న ఇంకొకటి ఉంది. ఫోటోలోని అమ్మాయే "నన్ను కొంచెం తెల్లగా చెయ్యి సార్" అంటే? ఆమెను తప్పుపట్టలేం. సబ్బు ప్రకటనల నుంచి పెళ్లిచూపుల దాకా అందరూ నేర్పింది అదే. ఇంట్లో గోడకు పెట్టుకునే ఫోటో అయితే ఆమె ఇష్టం. ఊరి పేరుతో వచ్చే పుస్తకంలో ఒక్క ముఖాన్ని తెల్లబరిస్తే పక్కన నిలబడ్డ చెల్లెలు ఇంకా నల్లగా కనిపిస్తుంది. అందుకే మార్చకూడదని మా అభిప్రాయం. ఉన్నది ఉన్నట్టు వేయడానికి ఆమె ఒప్పుకోకపోతే ఆ ఫోటో తీసేయాలి. నిజం పేరుతో ఆమె ఇష్టానికి విరుద్ధంగా అచ్చువేసే హక్కు మనకు లేదు. (పాతకాలపు 'ఆదివాసీ లుక్' కోసం ప్లాస్టిక్ కుర్చీని, సెల్‌ఫోన్‌ను చెరిపేసేవాళ్ల గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.)

ప్రూఫును షాపు ట్యూబులైటు కింద చూసి సంతకం పెట్టొద్దు, పగటి వెలుతురులో చూడండి. పుస్తకం వేసే కాగితం మీదే తీయించుకోండి. వీలైతే బస్సెక్కి ఊరికి తీసుకెళ్లి, ఫోటోలో ఉన్నవాళ్ల చేతికిచ్చి, ముఖం పక్కన పెట్టి చూడండి. రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది. ప్రెస్సువాళ్లు విసుక్కుంటారు. ప్లేట్లు చేశాక మార్చాలంటే మళ్లీ ప్లేట్ల డబ్బులు కట్టాలి కాబట్టి, విసుక్కున్నా ముందే అడగండి.