ఉమ్మడి ఫోల్డరు, స్వత్వం, భారం

ఒక వస్తువును పలువురు అనుభవిస్తున్నప్పుడు దాని భారం ఎవరి లెక్కలో చేరాలన్న ప్రశ్న ధర్మశాస్త్రకారులను శతాబ్దాల పాటు ఆలోచింపజేసింది. అదే ప్రశ్న నేడు క్లౌడ్ నిల్వ ఖాతాల్లో, అంటే ఫోటోలనూ పత్రాలనూ సొంత కంప్యూటరులో గాక ఇంటర్నెట్ ద్వారా ఒక సంస్థ యంత్రాలలో దాచుకొనే ఖాతాల్లో, కొత్త రూపంతో ఎదురవుతున్నది. ఇటువంటి ప్రతి ఖాతాకూ ఒక నిల్వ పరిమితి ఉంటుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ డ్రైవ్, జీమెయిల్, ఫోటోస్ మూడింటికీ ఉమ్మడి పరిమితి కాగా, మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ 5 జీబీ, డ్రాప్‌బాక్స్ 2 జీబీ ఉచితంగా ఇస్తాయి. ఒక ఖాతాదారుడు తన ఫోల్డరును పదిమందికి తెరిచి ఇచ్చినప్పుడు అందులోని బరువు ఎవరి పరిమితిలో చేరాలన్నదానికి ఈ సంస్థలు ఒకే సమాధానం చెప్పవు. గూగుల్, వన్‌డ్రైవ్ ఆ బరువును యజమాని లెక్కలోనే వేస్తాయి. చూసేవారు ఎందరైనా వారి ఖాతాల్లో చోటు తగ్గదు. డ్రాప్‌బాక్స్ వ్యక్తిగత ఖాతాల్లో మాత్రం ఆ ఫోల్డరులో చేరిన ప్రతి ఒక్కరి లెక్కలోనూ మొత్తం బరువు పడుతుంది.

ఈ భేదాన్ని సాంకేతిక సౌకర్యంతో మాత్రమే వివరించడం చాలదు. దాని వెనుక స్వత్వ విచారం ఉన్నది. స్వత్వమంటే ఒక వస్తువు ఒకరిది కావడం, భోగమంటే ఆ వస్తువు వలన ప్రయోజనం పొందడం. ఈ రెండూ ఒకరిలోనే ఉండనవసరం లేదని కౌలు భూములున్న ఏ గ్రామంలోనైనా తెలిసినదే. స్వత్వాన్ని నిశితంగా పరిశీలించిన గ్రంథాలలో మితాక్షర ముఖ్యమైనది. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన ఈ వ్యాఖ్య కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) పాలనాకాలానిది. ఆ చాళుక్యులకు సామంతులైన కందూరు చోడులు పాలమూరు ప్రాంతంలోని కందూరు, నల్లగొండ చెంతనున్న పానగల్లు కేంద్రాలుగా పాలమూరు, నల్లగొండల మెట్ట భూములను ఏలారు గనుక, మితాక్షర ఈ ప్రాంతానికి పరాయి గ్రంథం కాదు. స్వత్వం శాస్త్రం చెబితేనే తెలిసేది కాదనీ, కొనుగోలు, దానం, వారసత్వం వంటి లోకవ్యవహారాల వల్లనే సిద్ధిస్తుందనీ విజ్ఞానేశ్వరుడు వాదించాడు. ఆ వాదాన్ని అంగీకరిస్తే, ఖాతాల పరిమితిని శాసించే నియమాలను కూడా లోకవ్యవహారంలో పుట్టిన స్వత్వ నియమాలుగానే విచారించవచ్చు.

ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో విభాగానికి ముందు ప్రతి దాయాదికీ మొత్తం ఆస్తి మీద స్వత్వం ఉంటుందనీ, అలా ఒకే సముదాయం మీద నిలిచిన అనేక స్వత్వాలను ఒక్కొక్క భాగానికి పరిమితం చేయడమే విభాగమనీ మితాక్షర సిద్ధాంతం. దాయభాగాన్ని రచించిన జీమూతవాహనుడు దీనిని ఒప్పుకోలేదు. ప్రతివాని స్వత్వమూ మొదటినుంచీ ఒక అంశం మీదనే ఉంటుందనీ, ఏ అంశమన్నది విభాగం వలన బయటపడుతుందనీ అతని మతం. డ్రాప్‌బాక్స్ లెక్క మితాక్షర పక్షానికి చాలా దగ్గరగా నిలుస్తుంది. ఒక జీబీ ఉన్న ఫోల్డరును నలుగురు పంచుకుంటే నలుగురి ఖాతాల్లోనూ ఒక్కొక్క జీబీ చొప్పున మొత్తం నాలుగు జీబీలు ఖర్చవుతాయి. దాయభాగ పద్ధతిలో తలా పావు జీబీ వేయడం న్యాయంగా కనిపించినా, ఈ మూడు సేవల్లో ఏదీ ఆ దారి తొక్కలేదు. ఒకే వస్తువు నాలుగుసార్లు లెక్కకు రావడం వింతగా తోచవచ్చు. అయితే ఒకటికి మించిన సంఖ్యలు అపేక్షాబుద్ధి వల్ల, అంటే పలు వస్తువులను ఒకచోట చేర్చి చూసే జ్ఞానం వల్ల, పుడతాయని వైశేషికులు ఎన్నడో చెప్పారు. సంఖ్య చూసే దృష్టిని బట్టి పుట్టినట్టే, ఖాతా పరిమితి కొలిచేది యంత్రంలో నిండిన చోటును కాదు, మనిషికీ వస్తువుకూ మధ్య ఒప్పుకున్న సంబంధాన్ని.

యజమానినే లెక్కించే పద్ధతిలో ఇంతకన్నా లోతైన ప్రశ్న ఉన్నది: ఫోల్డరును తెరిచి ఇవ్వడం దానమవుతుందా? దానానికి ధర్మశాస్త్రం రెండు అంగాలు చెప్పింది. దాత స్వత్వం తొలగాలి, గ్రహీత స్వత్వం కలగాలి. భూదానోద్యమానికి నాంది పలికిన ఘటన నాటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిలోనే జరిగింది. 1951 ఏప్రిల్ 18న అక్కడి దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చాడు. ఆ మాటలో భూమితో పాటు దాని మీది హక్కును వదులుకోవడం కూడా ఉన్నది. ఫోల్డరును తెరిచిన యజమాని అటువంటిదేదీ వదులుకోడు. భారం అతనిదే, తొలగించే అధికారమూ అతనిదే. అతడు ఫైలును శాశ్వతంగా తుడిచివేస్తే, సొంతంగా కాపీ తీసుకోనివారందరికీ అది పోతుంది. కాపీ తీసుకుంటే ఆ కాపీ బరువు తీసుకున్నవారి ఖాతాలోకి చేరుతుంది. గూగుల్ డ్రైవులో మరొక సూక్ష్మం కూడా ఉన్నది. ఒకరి ఫోల్డరులో మరొకరు ఫైలు పెడితే దాని భారం పెట్టినవారిదే గనుక, ఒకే ఫోల్డరులో పలువురి స్వత్వాలు పక్కపక్కనే ఉంటాయి. వ్యక్తిగత ఖాతాల్లో ఫైలు యాజమాన్యాన్ని మరొకరికి మార్చాలంటే వారు అంగీకరించాలి. అంగీకరించిన తరువాతనే బరువు వారి లెక్కలోకి మారుతుంది. ప్రతిగ్రహం, అనగా గ్రహీత స్వీకారం, లేనిదే దానం పూర్తికాదన్న శాస్త్రవాదానికి ఇంత స్పష్టమైన ఉదాహరణ దొరకడం అరుదు.

దానం కన్నా భిన్నమైనది ఉత్సర్గం. చెరువు, బావి, తోట వంటివాటిని సర్వప్రాణులకూ విడిచిపెట్టే ఈ కర్మలో దాత స్వత్వం తొలగుతుంది గాని ప్రత్యేకించి ఎవరి స్వత్వమూ కలగదు. అందరిలో ఒకడుగా దాత కూడా ఆ నీరు తాగవచ్చు. పుత్రునితో పాటు ఎంచే సప్తసంతానాలలో తటాకాన్ని చేర్చిన సంప్రదాయం దానికి పుత్రునితో సమానమైన గౌరవం ఇచ్చింది. కందూరు చోడుల పేరు నిలిపిన పానగల్లు ఉదయసముద్రం నేటికీ నాగార్జునసాగర్ నుంచి ఎత్తిపోసే కృష్ణా నీటిని నిలుపుకొంటున్నది. అయితే ఉత్సర్గం వలన స్వత్వం తొలగుతుందే కాని భారం తొలగదు. కట్ట తెగుతుంది, తూము పూడుతుంది, పూడిక చేరుతుంది. అందుకే పూర్వులు చెరువును విడిచిపెట్టి ఊరుకోలేదు. కట్టించి బాగుచేసేవారికి దశబంధం పేరిట ఆయకట్టులో పదోవంతు ఏర్పరచడం, నీటిని పంచే నీరటికాడికి మాన్యం ఇవ్వడం ఆ ఎరుక నుంచే పుట్టాయి. అందరిదీ అయినదానికి మోసేవాడు ఒకడు ఉండాలనీ, ఆ మోతకు ప్రతిఫలం ఉండాలనీ గుర్తించిన ఆ వ్యవస్థ, శాసనాల్లో మిగిలిన దానప్రశస్తుల కన్నా గొప్పదని చెప్పక తప్పదు.

సంస్థల గూగుల్ ఖాతాల్లో ఉండే షేర్డ్ డ్రైవ్ ఈ ఉత్సర్గానికి సమీపంలో ఉన్నది. అందులోని ఫైళ్లు ఏ వ్యక్తివీ కావు, సంస్థవి. పెట్టినవారు వెళ్లిపోయినా ఫైళ్లు నిలుస్తాయి, బరువు సంస్థ ఉమ్మడి పరిమితిలో చేరుతుంది. దేవుని మాన్యాలకు దేవుడే స్వామి అన్న భావన ఇటువంటిదే. అయితే దేవత స్వయంగా భుజించదు, ఏలదు గనుక దేవుని ఊరు అన్నమాట ఉపచారమేనని మీమాంసా భాష్యకారుడు శబరుడు ఎన్నడో ఆక్షేపించాడు. సంస్థ విషయంలోనూ ఆ ఆక్షేపణకు బలం ఉన్నది. రుసుము కట్టే మనిషీ, అనుమతులు చూసే మనిషీ లేనిదే సంస్థ స్వత్వం పేరుకే మిగులుతుంది.

ఈ విచారం పాలమూరు, నల్లగొండ ప్రాంతానికి అత్యవసరమైనది. ఆలయాల ఫోటోలు, శాసనాల ప్రతులు, వృద్ధుల నోటి పాటలు, వలస వెళ్లిన పాలమూరు కుటుంబాల చిత్రాలు ఏ ఒక్క అధ్యాపకుని ఖాతాలోనో, యువకుని ఖాతాలోనో చేరితే, చూసే నూరుమందికీ అవి ఉచితం, మోసేది ఒక్కరే. పరిమితి దాటితే ఆ ఒక్కరి జీమెయిలుకు ఉత్తరాలు రావడం కూడా ఆగిపోతుంది. రెండేళ్లు వాడకంలో లేని వ్యక్తిగత ఖాతాలను తొలగించే నియమాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తున్నది గనుక, యజమాని మరణిస్తే ఆయన ఖాతాతో పాటు ఊరి జ్ఞాపకం కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు. భోగించేవారు భారంలో పాలు తీసుకోకపోవడం అధర్మమే. కనుక ఇటువంటి ఫోల్డర్లను వాడుకొనేవారు కనీసం ఒక్కొక్క భాగపు కాపీనైనా తమ ఖాతాలోకి తీసుకోవాలి; ఏ ఫోల్డరు ఎవరి లెక్కలో ఉన్నదో, ఆ వ్యక్తి తరువాత దానిని ఎవరు స్వీకరిస్తారో, రుసుము ఎవరు కడతారో ఈ రెండు జిల్లాల గ్రంథాలయాలు, కళాశాలలు, గ్రామ సంఘాలు ఆలస్యం చేయక రాసిపెట్టుకోవాలి.