నీరు పల్లమెరుగు

‘నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు’ అంటారు మనవాళ్లు. ఈ సామెతలో మొదటి సగం చైనా తాత్వికుడు లావోజుకి నచ్చి ఉండేది. రెండో సగాన్ని పౌరహక్కుల రచయితలు ఒప్పుకోరు. నిజం దేవుడికి తెలిస్తే చాలదు, కోర్టుకీ కలెక్టరుకీ తెలియాలంటారు వాళ్లు. ఈ రెండు ఆలోచనలకీ చుట్టరికం ఉందా అన్న ప్రశ్న కొంతకాలంగా నన్ను వదలడం లేదు.

పైకి చూస్తే ఉంది. ‘తావో తె చింగ్’లో నీరు అందరూ ఏవగించుకునే పల్లపు చోట్లకి చేరుతుంది. మెత్తగా ఉంటూనే గట్టిదాన్ని గెలుస్తుంది. ‘వు వెయ్’ అంటే ఏదీ బలవంతాన చెయ్యకపోవడం. 1955 డిసెంబర్ 1న మాంట్‌గొమరీ బస్సులో రోజా పార్క్స్ సీట్లోంచి లేవలేదు, అంతే. ఆ తర్వాత 381 రోజులు నల్లజాతివాళ్లు బస్సెక్కలేదు, అంతే. అయితే ఆ ‘చెయ్యకపోవడం’ వెనక జో ఆన్ రాబిన్సన్ అనే అధ్యాపకురాలు రాత్రికి రాత్రి వేల కరపత్రాలు తీసిన శ్రమ ఉంది. ఇళ్లలో పనికి మైళ్లకొద్దీ నడిచి వెళ్లిన ఆడవాళ్ల కాళ్లనొప్పులున్నాయి.

నీటి పోలిక దగ్గర స్త్రీలుగా మనం కాస్త ఆగాలి. ఏ గిన్నెలో పోస్తే ఆ రూపంలో ఒదిగిపొమ్మని మనకి చిన్నప్పట్నించీ చెబుతూనే ఉన్నారు. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన ఉత్తరం, ఓపిక పట్టమన్న మతపెద్దలకి జవాబు. ఆ ‘ఓపిక పట్టు’ మనకి కొత్తదా?

మా రోలుగుంట మండలంలో ఆర్ల పంచాయతీ కొండల మీద ఆదివాసీ గూడేలున్నాయి. ఐదో షెడ్యూలుకి బయట ఉండిపోయిన గూడేలవి. అక్కణ్ణించి గర్భిణుల్ని డోలీ కట్టి కిందికి మోసుకొచ్చారు. రోడ్డు కోసం ఆ డోలీలతోనే నిరసన కూడా తెలిపారు. కొండ మీదున్నా సమాజానికి పల్లం వాళ్లే. ప్రభుత్వం అనే నీరు మాత్రం ఆ పల్లాన్ని ఎరగదు. నొప్పులు పడుతున్న మనిషికి ప్రకృతి గతి గురించి చెప్పడం ఏం న్యాయం?

ఇవే కొండల్లో ఇంకా పైన వాకపల్లి ఉంది. పోలీసులు తమపై అత్యాచారం చేశారని 2007 ఆగస్టులో అక్కడి 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు, దర్యాప్తు సరిగా జరగలేదంటూ నిందితుల్ని విడుదల చేసింది. బాధితులకి పరిహారం ఇవ్వమని కూడా చెప్పింది. నిజం మళ్లీ దేవుడికే మిగిలింది. దాదాపు పదహారేళ్లు కేసు వదలని ఆ స్త్రీల ఓర్పుని సహనం అని మెచ్చుకుంటే అవమానించినట్టే. అది పట్టుదల.

అందుకే లావోజుని ఇంకోలా చదవాలనిపిస్తుంది. అసలు ఆయన ఎవరితో మాట్లాడుతున్నాడు? ఆ పుస్తకంలో చాలా మాటలు పాలకుడికి చెప్పినవి. బలప్రయోగం చెయ్యకు, పన్నులు మింగి జనాన్ని పస్తులుంచకు, ఎక్కువున్న చోటునుంచి తీసి లేనిచోట పెట్టు అనే అర్థం వచ్చేవి. అంటే ‘వు వెయ్’ లాఠీ పట్టుకున్న చేతికి చెప్పిన నీతి. పౌరహక్కుల రచన అడిగేదీ ఆ చేతిని అదుపులో పెట్టమనే. చుట్టరికం ఉన్నది అక్కడ.

‘ఆగు’ అన్న మాట మంచిదే. డోలీలో ఉన్న మనిషికి కాకుండా, ఆమెకి రోడ్డు వెయ్యకుండా ఓర్పు బోధించేవాళ్లకి ఆ మాట చెప్పాలి.