గురక ఆగినప్పుడు

భిలాయి ఉక్కు కర్మాగారంలో నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి పగలు పడుకుంటాడు. గురక పక్క గదిదాకా వినిపిస్తుంది. ఉన్నట్టుండి ఆగుతుంది. 10 సెకన్లు, 20 సెకన్లు ఊపిరే ఉండదు. ఉలిక్కిపడి గాలి పీలుస్తాడు, మళ్లీ గురక. పాపం, అలసిపోయాడని సరిపెట్టుకోకండమ్మా. ఇది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కావచ్చు. ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. క్రేన్ నడిపేవారికి డ్యూటీలో కునుకు మరీ ప్రమాదం.

లావు ఎక్కువైతే మెడలో కొవ్వు గాలిదారిని ఇరుకు చేస్తుంది. 1981లో డాక్టర్ సల్లివాన్ బృందం ప్రకటించిన, గాలిని ఒత్తిడితో పంపి గాలిదారిని తెరిచి ఉంచే సీపాప్ మాస్కే నేటికీ ప్రధాన చికిత్స. స్థూలకాయం తీవ్రంగా ఉంటే బేరియాట్రిక్ సర్జరీ బాగా మేలు చేస్తుంది. అయినా కొందరికి జబ్బు మిగిలే ఉంటుంది. అందుకే మళ్లీ నిద్ర పరీక్ష చేయించేదాకా మాస్కు మానకూడదు. సెక్టర్-9 ఆస్పత్రికి ఆయనను ఒంటరిగా పంపకండి. ఆ గురకను ఫోన్‌లో రికార్డు చేసి, మీరూ వెళ్లి డాక్టరుగారికి వినిపించండి.