పిడుదు ప్రాణము – గృహస్థుని ధర్మము

అహింస అనగానే ఆవు, మేక, చేప మొదలగు ప్రాణులు అందరి మనస్సునకు వచ్చును. వాటి విషయమున జైన గృహస్థునకు సందేహము లేదు. తాతముత్తాతల నాడే ఆ ప్రశ్న వంటింటిలో తీరిపోయినది. వ్రతమునకు అసలు పరీక్ష చిన్న పురుగుల వద్ద వచ్చుచున్నది. చీమ దారిన పోవునది, దానిని తప్పించుకొని నడువవచ్చును. రక్తము త్రాగుటకై ఇంటికి వచ్చిన జీవిని ఏమి చేయవలెను?

బెంగళూరు నగరములో ఈ ప్రశ్న నేడు అనేక ఇండ్లలో పుట్టుచున్నది. ఉదయమున కబ్బన్ పార్కు చెట్ల క్రింద, సాయంకాలమున బసవనగుడి, జయనగరము వీధులలో గొలుసు పట్టి కుక్కలను త్రిప్పువారు కనబడుదురు. సెలవు దినములలో సకలేశపురమునకో, చిక్కమగళూరు తోటలకో కుక్కను కూడ కారులో తీసికొనిపోవు కుటుంబములున్నవి. వారిలో జైనులును ఉన్నారు. వచ్చిన వారము తిరుగకముందే పిల్లవాడు కుక్క చెవి నిమురుచుండగా శనగగింజంత బూడిదరంగు పురుగు చేతికి తగులును. తెలుగువారు దానిని పిడుదు అనియు, గోమారి అనియు అందురు. కన్నడిగులు ఉణుగు అందురు. ఇంటిలో వెంటనే రెండు మాటలు వినబడును. "నలిపి పారవేయుము" అని ఒకరు. "అదియు జీవమే, పాపము తగులును, ముట్టకుము" అని వేరొకరు. ఈ రెండు మాటలును విచారింపదగినవి.

మొదట పిడుదు ఎట్టి జీవమో తెలియవలెను. జైన శాస్త్రము జీవులను ఇంద్రియముల సంఖ్యను బట్టి విభజించినది. స్పర్శ మాత్రమే గల చెట్టుచేమలు, స్పర్శయు రుచియు గల జలగ, ఆపైన వాసన కూడ ఎరిగిన చీమ, పేను, నల్లి, ఇట్లు ఐదింద్రియములు గల పశువు, మనుష్యుని వరకు మెట్లున్నవి. పేను, నల్లి కోవలోనే పిడుదును లెక్కింతురు. నేటి జంతుశాస్త్రము దానిని సాలెపురుగు, తేలు బంధువర్గములో చేర్చినది. పెరిగిన పిడుదునకు ఎనిమిది కాళ్లు. అయినను దాని బ్రతుకు తీరు చూచినచో పూర్వుల లెక్క ఎంత సూక్ష్మమో తెలియును. మలెనాడు అడవులలోని హీమాఫైసాలిస్ జాతి పిడుదులకు అసలు కన్నులే లేవు. ముందరి కాళ్ల కొనలయందలి చిన్న గుంటలతో జంతువు ఊపిరిని, ఒంటి వాసనను పసిగట్టి, గడ్డిపోచ చివర కాళ్లు చాచి కాచుకొని యుండును. దారిన పోవు ప్రాణి తగిలినచో అంటుకొనును. దానికి పగ లేదు, ఎవరినో బాధింపవలెనను తలంపు లేదు. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల ఒకసారి, కొంత ఎదిగి ఒకసారి, పెద్దదై ఒకసారి, జన్మమంతటికి మూడే భోజనములు. మూడవ భోజనము ముగించిన ఆడ పిడుదు నేలరాలి, వేలకొలది గ్రుడ్లు పెట్టి చనిపోవును.

ఇంత చిన్న జీవివలన కలుగు కీడు మాత్రము చిన్నది కాదు. 1957వ సంవత్సరము మార్చి నెలలో శివమొగ్గ జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవిలో నల్లమూతి కొండముచ్చులు, ఎర్రమూతి కోతులు అనేకము చచ్చిపడెను. చుట్టుప్రక్కల పల్లెలవారికి తీవ్రమైన జ్వరము, తలనొప్పి, కండరముల నొప్పులు, కొందరికి రక్తస్రావము కలిగినవి. కోతులు చచ్చుట చూచి, ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలోని పచ్చజ్వరము ఆసియాకు వచ్చినదేమోయని మొదట భయపడిరి. పూనాలోని వైరస్ పరిశోధన కేంద్రమువారు పరీక్షించి, ఇది క్రొత్త వైరస్ అనియు, పిడుదు కాటువలన సోకుచున్నదనియు కనిపెట్టిరి. దానికి క్యాసనూరు అడవి జ్వరమను పేరు నిలిచినది. మలెనాడువారు మంగన కాయిలె, అనగా కోతిజబ్బు అందురు. సోకినవారిలో నూటికి మూడునుండి ఐదుగురు మరణింతురని వైద్యుల అంచనా. 2012 తరువాత అది బండీపురము వైపునకు, కేరళ, గోవా, మహారాష్ట్రములకును ప్రాకినది. అడవులు నరికి, పశువులను లోనికి తోలుటవలన పిడుదులు ప్రబలినవని పలువురు శాస్త్రజ్ఞులు తలంచిరి. మనుష్యుని చేతి పని కూడ ఆ కీడులో కలిసియున్నదని అర్థము.

నగరములో కుక్కలను పట్టునది వేరొక జాతి, గోధుమరంగు పిడుదు. అది కోతిజబ్బును వ్యాపింపజేయు ముఖ్య జాతి కాదు గాని, ఎర్లికియా, బబీసియా అను సూక్ష్మజీవులను కుక్క రక్తములో విడుచును. కుక్కకు జ్వరము వచ్చును, తిండి మానును, చిగుళ్లు పాలిపోవును, ఒక్కొక్కప్పుడు ముక్కునుండి రక్తము కారును. సకాలమున వైద్యము జరుగనిచో చనిపోవుటయు కలదు. ఈ జాతి అడవిని కోరదు. గోడ పగుళ్లలో, కుక్క పడుకొను గోనె క్రింద, నెలల తరబడి ఆకలితో వేచియుండగలదు.

ఇక మొదటి మాట: హాని చేయునది కావున చంపవలెను, ఒకదానిని చంపినచో పది ప్రాణములు నిలుచును అని. ఈ వాదము క్రొత్తది కాదు. అమృతచంద్రాచార్యులు పురుషార్థసిద్ధ్యుపాయమున ఈ వాదమునే ఎత్తి చూపి, హింసించు జంతువునైనను ఈ సాకుతో చంపరాదని నిషేధించిరి. కారణము ఆలోచించినచో తెలియును. లోకమునకు ఏ ప్రాణి కావలెనో, ఏది అక్కరలేదో తేల్చు అధికారము చేతికి తీసికొన్నవాడు పిడుదు వద్ద ఆగడు. నేడు పురుగు, రేపు వీధికుక్క, ఎల్లుండి తనకు గిట్టని మనుష్యుడు. కాలిక్రింద నలుపుటలో సుఖము పొందిన మనస్సునకే నష్టము. పిడుదు చచ్చినను ఆ కాఠిన్యము ఇంటిలో మిగిలియుండును.

రెండవ మాట వినుటకు దయగా ఉన్నది. దానిలోని దోషము కొంచెము లోతున ఉన్నది. ఈగలు, దోమలు కుట్టినను సహించుట ముని ఓర్చుకొనవలసిన ఇరువదిరెండు పరీషహములలో ఒకటి. ముని తన దేహమునందు సహించును. ఆ సహనము తపస్సు. కాని కుక్క దీక్ష పుచ్చుకొనలేదు. దాని వీపుపై పిడుదులను విడిచి, తాను పాపము చేయలేదని తృప్తిపడువాడు ఇతరుని దేహముతో తపస్సు చేయుచున్నాడు. సూరత్ నగరపు పాంజరాపోలులో ధాన్యపు పురుగులకు సైతము ఒక చోటు కల్పించి గింజలు పోయుచుండిరని 19వ శతాబ్దిలో చూచిన ఆంగ్లేయులు వ్రాసిరి. ఆ గింజలు దాతల సొమ్ముతో కొన్నవి. దానము స్వంత సొత్తునుండి చేయవలెనని వర్తకులకు ఒకరు చెప్పనక్కరలేదు. కుక్క రక్తము యజమాని సొత్తు కాదు.

శ్రావకుని అహింసా వ్రతమునకు చెప్పిన అతిచారములు ఐదు: కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మోయలేని బరువు వేయుట, అన్నపానములు ఆపుట. ఇవి చేతిక్రింద బ్రతుకు ప్రాణిని గూర్చి చెప్పినవి. కుక్కను గొలుసుతో కట్టినవాడు అది స్వయముగా చేసికొనగల రక్షణను కొంత తీసివేసినవాడు. తీసివేసినంత రక్షణ తాను ఇయ్యవలెను. పిడుదును తీసి గోడ అవతల ప్రక్కింటివారి పెరటిలో విసరుటయు దయ కాదు. అది తన ఇంటి అప్పును పరుల ఖాతాలో వ్రాయుట వంటిది.

అట్లయిన ధర్మమేది? ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసను నిర్వచించునపుడు ప్రాణము పోవుటకంటె ముందుగా ప్రమాదమును, అనగా ఏమరుపాటును, ఎత్తిచెప్పెను. ఈ ఒక్కమాట పట్టుకొన్నచో దారి దొరకును. ఒక ఆడ పిడుదును సకాలమున చూడనివాడు కొలది వారములలో వేలకొలది పిల్లలను ఎదుర్కొనవలసివచ్చును. అప్పుడు మందు చల్లక తప్పదు. వేల ప్రాణములు పోవును. ప్రతిదినము చూచువాడు ఒకటి రెండింటితో తప్పించుకొనును. ఒక్క ప్రాణమునకు వేయి ప్రాణముల భేదము కేవలము కన్ను తెరచియుండుటలో ఉన్నది. కావున పిడుదు విషయమున అహింస, పిడుదు కనబడక ముందే ఆరంభము కావలెను.

మునులు చూచి అడుగు వేయుటను ఈర్యాసమితి అందురు, వస్త్రములను నిత్యము పరిశీలించుటను ప్రతిలేఖన అందురు. గృహస్థునకు ఈ రెండును ఇచ్చట పనికివచ్చును. అడవి తోటలలో పొదలను, ఎత్తైన గడ్డిని ఒరయక దారి నడుమ నడువవలెను. నిండు చేతుల చొక్కా, లేతరంగు బట్టలు ధరించి, పంట్లాము అంచులను మేజోళ్లలో దూర్చవలెను. లేతరంగుపై పిడుదు త్వరగా కనబడును. కోతిజబ్బు ఎక్కువగా డిసెంబరు నుండి మే వరకు వచ్చును గనుక, ఆ నెలలలో జబ్బున్న అడవుల వైపు కుక్కను తీసికొనిపోకుండుటయే మేలు. మలెనాడులో అడవికి పోవు పల్లెవారికి చేతులకు, కాళ్లకు పూసికొనుటకు డెపా అను తైలము పంచిపెట్టుచున్నారు. అది పిడుదును దరిచేరనీయదు. అట్టి పూతలు జైన గృహస్థుని మనస్సునకు మిక్కిలి అనుకూలమైనవి; చంపుటకంటె రాకుండ చేయుట మేలు గదా.

ఇంటికి వచ్చినవెంటనే స్నానము చేసి, బట్టలను వేడినీట ఉతుకవలెను. కుక్క చెవుల లోపల, మెడపట్టీ క్రింద, కాలివ్రేళ్ల నడుమ, చంకలలో, తోక మొదట వ్రేళ్లతో తడిమి చూడవలెను. అది పడుకొను గుడ్డను తరచుగా ఉతికి ఎండవేయవలెను. గోడ పగుళ్లను పూడ్చవలెను. పిడుదు పట్టియున్నచో సన్నని పట్టకారుతో చర్మమునకు ఆనించి పట్టి, మెలిపెట్టక తిన్నగా లాగి తీయవలెను. కిరసనాయిలు పోయుట, అగ్గిపుల్లతో కాల్చుట కూడదు. అది క్రూరమగుటయే కాక, బాధపడిన పిడుదు తనలోని విషమును గాయములోనికి కక్కునని వైద్యులందురు. చేతితో నలుపుటవలనను రోగము అంటును. తరువాత ఆ చోటిని, చేతులను సబ్బుతో కడుగవలెను. అడవినుండి వచ్చినవారికి జ్వరము తగిలినచో పిడుదు కాటు సంగతి వైద్యునకు చెప్పి తీరవలెను.

ఇంత చేసినను ఒక చిక్కు మిగులును. కుక్కకు నేడు వైద్యులిచ్చు మాత్రలు పనిచేయు విధము, కరచిన పిడుదు రక్తముతో పాటు మందును త్రాగి చచ్చుట. చేతితో తీసిన పిడుదు కూడ తిరిగి ఒక ప్రాణిని పట్టనిచో చచ్చునదే. దీనిని అహింస అని పేరు పెట్టి కప్పిపుచ్చుట సత్యవ్రతమునకు కూడ భంగము. గృహస్థుని హింసను సంకల్పి, ఆరంభి, ఉద్యోగి, విరోధి అని నాలుగు విధములుగ పెద్దలు విభజించిరి. కోరి చేయు సంకల్ప హింసను అతడు పూర్తిగా విడువవలెను. ఆశ్రయించిన ప్రాణిని కాపాడుటకై వేరు గతి లేక చేయునది విరోధి హింస; అది తగ్గించుకొనవలసినది గాని మెచ్చుకొనవలసినది కాదు. కావున అవసరమైన కుక్కకు వైద్యుని మాట ప్రకారము మాత్ర ఇయ్యవచ్చును. ఇచ్చినవాడు సాయంకాలపు ప్రతిక్రమణలో ఆ జీవములను కూడ తలచుకొని క్షమాపణ కోరవలెను.

వర్తకుని పుస్తకములో ఖర్చు వ్రాయనంత మాత్రమున ఖర్చు పోదు. వ్రాసినవానికి రేపు దానిని తగ్గించు దారి కనబడును. పిడుదు ప్రాణము చిన్నదే అయినను లెక్కలోనిది. ఆ లెక్క మరువని ఇంటిలో కుక్కయు సుఖముగా నిద్రించును, అనవసరముగా పోవు ప్రాణములును తగ్గును. కుక్కను కోరి తెచ్చుకొనిన ప్రతి ఇంటివారును గొలుసు కొనిన దినముననే ఈ మెలకువను కూడ అలవరచుకొందురు గాక.