అలసినవానికి రొట్టె, రోగికి వైద్యం



మాచర్లలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే తల్లిని ఒకసారి తలచుకోండి. తెల్లవారకముందే వంట, పగలంతా బడి, సాయంత్రం ట్యూషను, రాత్రి పేపర్లు దిద్దడం. మిరపకోతల కాలంలో పొలం పనీ ఆమె మీదనే. ఒక ఆదివారం పూజ ముగిశాక ఆమె గుడి మెట్ల దగ్గర నిలబడి, "ఏమీ చేయబుద్ధి కావడం లేదు స్వామీ. జపమాల పట్టుకున్నా మనసు నిలవడం లేదు" అంటుంది. ఇంట్లోవారు సోమరితనం అంటారు. పొరుగువారు గాలి సోకిందంటారు. భక్తిపరులు విశ్వాసం తగ్గిందంటారు. "నీకు ఏమైందమ్మా?" అని అడిగేవారే ఉండరు.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తెరచి ఏలియా ప్రవక్తను చూడండి. కర్మెలు కొండమీద అంతటి విజయం సాధించిన మనిషి యెసెబెలు బెదిరింపుకు ఎడారిలోకి పారిపోయాడు. ఒక పొద నీడన కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవుడు అతణ్ణి గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత రెండుసార్లు రొట్టె, నీళ్లు ఇప్పించాడు. తరువాత ఎలీషాను తోడుగా ఇచ్చి భారం పంచాడు.

పని భారం మనిషిని ఇలా లోపల కాల్చివేయడాన్ని 'బర్నవుట్' అంటారు. అమెరికాలో ఉచిత వైద్యశాలల్లో సేవచేసేవారు ఇలా వట్టిపోవడం చూసి మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో దీన్ని గురించి వ్రాశారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని రోగాలలో చేర్చకుండా, వృత్తికి సంబంధించిన స్థితిగా పేర్కొని మూడు గుర్తులు చెప్పింది. ఒంట్లో శక్తి హరించుకుపోవడం, పని మీద ఏవగింపు, ఎంత చేసినా ఫలితం లేదనిపించడం. ఇటువంటివారు పనికి దూరమైతే సాధారణంగా కొంత తేరుకుంటారు. పండుగకు పుట్టింటికి వెళితే నవ్వుతారు, బిడ్డలతో ఆడుతారు. వీరికి కావలసింది విశ్రాంతి, భారం పంచుకొనే చేతులు.

కుంగుబాటు వేరు. అది బడిలో వదిలి వచ్చేది కాదు. ఇంటికీ, పండుగకూ, పడకకూ వెంట వస్తుంది. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులు, దేనిలోనూ సంతోషం లేకపోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం, నేను ఎందుకూ పనికిరానన్న భావం దాని గుర్తులు. కారణం లేకుండా గుండె దడ, ఎడతెగని భయం ఉంటే అది ఆందోళన రోగం కావచ్చు. ఎవరికీ వినబడని మాటలు వినబడితే దయ్యమని భూతవైద్యుల చుట్టూ తిప్పకండి, వైద్యునికి చూపించండి. రక్తహీనత, థైరాయిడ్, షుగరు కూడా మనిషిని ఇలాగే నీరసపరుస్తాయి. విడవని బర్నవుట్ కుంగుబాటుకు దారితీయవచ్చు. కాబట్టి మనమే ఇంట్లో తీర్పు చెప్పరాదు. ముందు దగ్గరలోని డాక్టరుకు చూపించి, అవసరమైతే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లండి. 14416కు ఫోను చేస్తే 'టెలీ మానస్' వారు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.

ఏలియా పలికిన మాట మన ఇంట్లో వినబడితే, "అలసట, అదే పోతుంది" అని ఊరుకోకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పత్తికీ మిరపకూ తెచ్చిన పురుగుమందు డబ్బాలు ఇంట్లోనుండి తీసివేయండి. ఆ రోజే వైద్యునికి చూపించండి.

మానసిక వైద్యం అంటే సిగ్గుపడతారా? పునీత చిన్న తెరేజమ్మ తండ్రి లూయి మార్టిన్ గారిని 1889లో కాన్ పట్టణంలోని మానసిక వైద్యశాలలో చేర్చారు. ఆయన అక్కడ మూడేళ్లు గడిపారు. లోకం గుసగుసలాడింది. 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు ఆయనను, భార్య జెలీ గారిని పునీతులుగా ప్రకటించారు. వైద్యుణ్ణీ ఔషధాన్నీ సృష్టించింది దేవుడేనని సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తుంది. ప్రార్థన మానమని నేననడం లేదు. ప్రార్థించండి, మందూ వేయించండి.

ఈ ఆదివారం పూజ నుండి వెళ్లాక, మీ ఇంట్లో మాటలు తగ్గిపోయిన వారి పక్కన కాసేపు కూర్చోండి. ఉపదేశం తరువాత. ముందు ఒక ముద్ద అన్నం పెట్టండి, ఒక పని మీరు అందుకోండి, చెప్పేది వినండి. దేవదూత చేసిన పని అదే.

ప్రభువు మిమ్ము, మీ కుటుంబాలను దీవించునుగాక.